నాలుగు కిలోల పాత ల్యాప్‌టాప్ కొని డెస్క్‌టాప్‌లా వాడదామనుకుంటున్నా. పిచ్చి పనా?

పెన్నాగట్టు | నెల్లూరు | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇళ్ల ప్లాన్లు గీసే పని నాది. ఆటోక్యాడ్‌లో 2డీ డ్రాయింగులే ఎక్కువ, ఎలివేషన్ (ఇంటి ముందువైపు బొమ్మ) అడిగితే అప్పుడప్పుడు 3డీకి స్కెచప్. తొమ్మిదేళ్లు వాడిన అసెంబుల్డ్ డెస్క్‌టాప్ పోయిన వారం మూలపడింది. మదర్‌బోర్డు పోయిందన్నారు. ఆ మోడల్ బోర్డు ఇప్పుడు దొరకదట.

మాది రెండు గదుల అద్దె ఇల్లు. పగలు హాల్లో టేబుల్ మీద నా పని, సాయంత్రం అదే టేబుల్ మీద పిల్లల చదువు. సీపీయూ, మానిటరు, యూపీఎస్, వాటి వైర్లు... ఈసారి ఆ సంత మళ్లీ ఇంట్లోకి తెస్తే ఊరుకోనని మా ఆవిడ ముందే చెప్పేసింది.

ఇక్కడ ఒక సెకండ్ హ్యాండ్ షాపులో డెల్ ప్రెసిషన్ ఎం6800 చూశాను. కోర్ ఐ7-4810ఎంక్యూ, 16 జీబీ ర్యామ్, క్వాడ్రో కే3100ఎం గ్రాఫిక్స్ కార్డు, 17.3 అంగుళాల స్క్రీన్. 24 వేలు చెప్తున్నాడు. చేత్తో ఎత్తి చూస్తే రుబ్బురోలు పొత్రంలా ఉంది. కానీ మూత తెరిచి కీబోర్డు మీద చెయ్యి పెట్టగానే మనసు పడిపోయింది. కుడివైపు పూర్తి నంబర్ ప్యాడ్ ఉంది. రోజంతా అడుగులు, అంగుళాలు కొట్టేవాడికి అదెంత సుఖమో చెప్పక్కర్లేదు.

మా బావమరిదేమో "పదేళ్లు దాటిన ఇనుప ముక్కకి 24 వేలా బావా, ఇంకొంచెం వేస్తే కొత్త ఐ3 ఈఎంఐలో వస్తుంది" అంటున్నాడు. వాడు చెప్పేదీ తప్పనలేను. మీరేమంటారు?

---

సీటీసీ_శీను | సికింద్రాబాద్ | సోమవారం రాత్రి 10:15

అన్నా, పిచ్చి పనేం కాదు. ఆ సిస్టమ్ నా చేతుల్లోంచి కనీసం యాభై దాకా పోయి ఉంటాయి. 2013లో వచ్చింది. అప్పట్లో ఇంజనీరింగ్ కంపెనీలు మూడేళ్ల వారంటీతో కొని, అది అయిపోగానే లాట్లుగా అమ్మేసేవి. మా పార్క్‌లేన్ షాపులకు అట్లనే వచ్చేవి. అంటే మొదటి ఓనరు దాన్ని ఏసీ రూంలో టేబుల్ మీద కూర్చోబెట్టి పెంచాడన్నమాట.

దాని లోపల ఏముందో చెప్తా, అప్పుడు ఆ బరువు ఎందుకో నీకే అర్థమైతది. ఆ ప్రాసెసర్ 47 వాట్లది. ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌ల్లో మామూలుగా ఉండేది 15 వాట్ల చిప్పు. 47 వాట్ల వేడి బయటికి పోవాలంటే రాగి పైపులు, రెక్కలు, పెద్ద ఫ్యాన్లు కావాలి కదా, బరువంతా అదే. ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుంటది, స్క్రూ తిప్పి తీసి వేరేది పెట్టుకోవచ్చు. దీని తర్వాతి తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లన్నీ బోర్డుకే అతికించి వస్తున్నాయి. గ్రాఫిక్స్ కార్డు కూడా విడిగా ఊడొస్తది. ర్యామ్ స్లాట్లు నాలుగు: రెండు కింద మూత తీస్తే కనిపిస్తయి, రెండు కీబోర్డు కింద ఉంటయి. 32 జీబీ దాకా వేసుకో. డిస్కులకి 2.5 అంగుళాల బేలు రెండు, చిన్న ఎస్‌ఎస్‌డీ కార్డు పెట్టుకునే ఎంసాటా స్లాటు ఒకటి. డీవీడీ డ్రైవ్ తీసి ఆ చోట క్యాడీ (డిస్కు పట్టే ఫ్రేము) పెడితే ఇంకో డిస్కు. పాత హార్డ్‌డిస్క్‌లన్నీ అందులోనే సర్దేయొచ్చు.

కొనేముందు మాత్రం ఇవి చూసుకో. ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 కొట్టి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) పో, అడాప్టర్ ఎన్ని వాట్లో అక్కడే రాసి ఉంటది. 240 అని లేకపోతే అక్కడే ఆగు. బయోస్‌కి పాస్‌వర్డ్ ఉంటే అసలు ముట్టుకోకు, అది కంపెనీ తాళం, మనకు ఊడదు. మూత మెల్లగా తెరిచి 45 డిగ్రీల దగ్గర వదిలేయ్, జారిపోతే హింజ్ పోయినట్టు. తెల్ల బొమ్మ ఒకటి, నల్ల బొమ్మ ఒకటి పెట్టి స్క్రీన్ చూడు. తర్వాత ఒక అరగంట ఏదైనా బరువైన పని ఇచ్చి చెవి పెట్టు. ఫ్యాన్ హోరుమంటే పర్వాలేదు, కరకరమంటే బేరింగ్ పోయింది.

24 ఎక్కువ. 21కి దిగుతాడు చూడు.

---

కొత్తచిగురు | బెంగళూరు | సోమవారం రాత్రి 11:02

శీనన్న అమ్మే వ్యాపారంలో ఉన్నారు కాబట్టి అలాగే చెప్తారు. 🙂 నేను రెండో వైపు చెప్తాను.

నాలుగో తరం ఐ7 అంటే ఇప్పుడు పేరు గొప్పే. పన్నెండో తరం ఐ3-1215యూ దాన్ని తేలిగ్గా దాటేస్తుంది, అదీ మూడో వంతు కరెంటుతో. ఆటోక్యాడ్ చాలా పనులకు ఒక్క కోర్ మీదే నడుస్తుంది, అక్కడ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కే3100ఎం గ్రాఫిక్స్‌కీ, ఇప్పుడు ప్రాసెసర్‌లో ఉచితంగా వచ్చే గ్రాఫిక్స్‌కీ పెద్ద తేడా లేదు. విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, దానికి ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి. వారంటీ లేదు. యూట్యూబ్‌లో 4కే వీడియో పెడితే యూట్యూబ్ వాడే వీపీ9 ఫార్మాట్‌ని విప్పే చిప్పు అందులో లేదు కాబట్టి మొత్తం ప్రాసెసర్ మీదే పడి ఫ్యాన్లు విమానంలా మోగుతాయి.

కొత్తది ఒకటిన్నర కిలో. సైట్‌కి పట్టుకెళ్లొచ్చు. నాకైతే ఇందులో ఆలోచించేదేమీ కనబడటం లేదు.

---

డీటీపీ_దుర్గారావు | విజయవాడ | మంగళవారం ఉదయం 6:20

చిగురు బాబూ, లెక్కలన్నీ కరెక్టే. కానీ ల్యాప్‌టాప్ అంటే లెక్కలొక్కటే కాదు నాయనా.

నా దగ్గర థింక్‌ప్యాడ్ డబ్ల్యూ520 ఉంది. 2011 మోడల్, నేను 2015లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. అప్పటినుంచి మా గవర్నర్‌పేట షాపులో అదే గద్దె మీద కూర్చుంది. పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్లు, డిజైన్లకి కోరల్. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు, ఫ్లెక్సీలు, అన్నీ దాని మీదే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి పన్నెండో తరం ఎందుకు? రెండో తరమే ఎక్కువ.

ఇక కీబోర్డు సంగతి. మామూలు మోడళ్లలో ఏడు వరసల పాత థింక్‌ప్యాడ్ కీబోర్డు వచ్చిన ఆఖరి తరం ఇది. మరుసటి ఏడాది డబ్ల్యూ530 నుంచి బిళ్లల్లాంటి కీలు పెట్టారు. దీని కీలు మధ్యలో కాస్త గుంటగా ఉంటాయి, వేలు వచ్చి ఆ గుంటలో పడుతుంది. డిలీట్ రెండు కీల ఎత్తుంటుంది, చూడక్కర్లేదు. అను యాపిల్ లేఅవుట్‌లో ఇరవై ఏళ్లుగా కొడుతున్న చెయ్యి నాది, ఒత్తులు, గుణింతాలు అన్నీ వేళ్లకే తెలుసు. నా కీబోర్డు మీద ఏ, ఎస్, డి అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. స్పేస్ బార్ ఎడమ సగం నున్నగా అద్దంలా మెరుస్తుంది. కుడి సగం మాత్రం కొత్తదానిలా గరుగ్గానే ఉంది, నాకు ఎడమ బొటనవేలు అలవాటు.

ఎన్నికల సీజన్లో ఒకరోజు రాత్రి ఒంటిగంట. ఒక అభ్యర్థి కరపత్రం, పొద్దున నాలుగింటికి ప్రెస్‌లో ప్లేట్ పడాలి. పక్కన కార్యకర్తలు నలుగురు నిలబడి ఉన్నారు. కరెంటు పోయింది. వీధి మొత్తం చీకటి. కార్యకర్తలు "అయ్యో సార్ సేవ్ చేశారా" అని అరుపు. నేను ఎఫ్ఎన్ పట్టుకుని పేజ్ అప్ నొక్కాను. స్క్రీన్ పైఅంచులో చిన్న బల్బు ఉంటుంది దీనికి, అది వెలిగి కీబోర్డు మీద వెలుగు పడింది. మిగిలిన నాలుగు లైన్లు కొట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. వాళ్లలో ఒకడు అడిగాడు, "ఇది ఏ కంపెనీది సార్, ఇప్పుడొస్తోందా" అని.

---

పెన్నాగట్టు | నెల్లూరు | మంగళవారం ఉదయం 8:05

దుర్గారావు గారూ, పొద్దున్నే చదివి మా ఆవిడకు కూడా వినిపించాను. 

శీనన్నా, లిస్టు రాసుకున్నా. 240 వాట్ల అడాప్టర్ అంటేనే గుండె గుభేలుమంటోంది. రోజుకి పది గంటలు నడిపితే బిల్లు ఎంతవుతుంది? ఇక్కడ ఎండాకాలం సంగతి మీకు తెలుసు, మా హాల్లో ఏసీ లేదు.

---

కరెంటు_మాస్టారు | తాడేపల్లిగూడెం | మంగళవారం ఉదయం 9:30

కరెంటు శాఖలో రిటైరైన ఏఈని. ఈ ప్రశ్నకు నేను రాకపోతే ఎలా.

అడాప్టర్ మీద రాసింది అది ఇవ్వగలిగే గరిష్ఠం. సిస్టమ్ తాగేది కాదు. ఇంట్లో పదహారు ఆంపియర్ల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎప్పుడూ పదహారు ఆంపియర్లు లాగుతామా?

మా అబ్బాయి దగ్గర ఇదే ఎం6800 ఉంటే ప్లగ్ మీటర్ పెట్టి చూశాను. స్క్రీన్ వెలుతురు సగంలో పెట్టి బ్రౌజింగ్, వర్డ్ లాంటివి చేస్తుంటే 30, 35 వాట్ల మధ్య ఆడింది. బరువైన పని ఇస్తే నూరు దాటింది, కానీ అది రోజులో ఎంతసేపు? సగటున 35 వేసుకోండి. రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు: 9 యూనిట్లు. వాడి పాత డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి 110 వాట్లు తీసుకునేది. అదే లెక్కన 28 యూనిట్లు దాటుతుంది. నెలకు 19 యూనిట్ల పైచిలుకు మిగులు. శ్లాబు అంచున ఉన్న ఇంటికి ఈ 19 యూనిట్లు చాలా పెద్ద సంగతి.

ఇక బ్యాటరీ. దీనికి వచ్చే పెద్ద బ్యాటరీ 97 వాట్-అవర్లు. కొత్తగా ఉన్నప్పుడు 35 వాట్ల చొప్పున రెండుమ్ముప్పావు గంటలు రావాలి. పాతబడి సగం చచ్చినా గంటా ఇరవై నిమిషాలు. మీరు డెస్క్‌టాప్‌కి కొనే చిన్న యూపీఎస్ ఎంత ఇస్తుంది? ఫైల్ సేవ్ చేసుకుని మూసుకునేంత. పైగా రెండేళ్లకోసారి దాని బ్యాటరీ మార్చాలి. నన్నడిగితే ఈ ల్యాప్‌టాప్‌లో ఉచితంగా వచ్చేది యూపీఎస్సే. కొత్తచిగురు గారి ఐ3 తక్కువ తాగుతుంది, కాదనను.

వేడి మాటకొస్తే 35 వాట్లంటే ఒక సన్న ట్యూబ్‌లైటుకు కాస్త ఎక్కువ. హాలేమీ ఉడికిపోదు. కింద గాలి ఆడేలా వెనక రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తండి చాలు. పరుపు మీద, దుప్పటి మీద పెట్టొద్దు.

---

డల్లాస్_బాబాయ్ | టెక్సస్ | మంగళవారం రాత్రి 7:48

ఈ జాతి ల్యాప్‌టాప్‌ల పిచ్చి నాకూ ఉంది కాబట్టి ఒక మాట. వీటిని డెస్క్‌టాప్ రీప్లేస్‌మెంట్ అని ఊరికే అనలేదు. అసలు మోసుకు తిరగడానికి కాదు, ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి మార్చుకోవడానికి. థింక్‌ప్యాడ్ డబ్ల్యూ701డీఎస్ అని 2010లో ఒకటొచ్చింది. 17 అంగుళాల స్క్రీన్ పక్కనుంచి 10.6 అంగుళాల రెండో స్క్రీన్ సొరుగులా బయటికి లాగొచ్చు. అరచెయ్యి ఆనించే చోట బొమ్మలు గీసే వాకమ్ పలక కూడా పెట్టుకోవచ్చు. అలాంటి సాహసం ఇప్పుడు ఎవరూ చేయరు.

నేను మా తమ్ముడి కోసం ఇక్కడినుంచి ఒక ఎం6800 తీసుకొచ్చాను. క్యాబిన్ బ్యాగ్ పరిమితి 7 కిలోలు. దీనికీ అడాప్టర్‌కీ కలిపి నాలుగున్నర పైనే పోయింది. సెక్యూరిటీ దగ్గర ట్రేలో పెడితే ట్రే నిండిపోయింది. అక్కడున్నాయన అటూ ఇటూ తిప్పి చూసి, అడాప్టర్ చేతిలోకి తీసుకుని, "ఇది నిజంగా ఛార్జరేనా" అన్నాడు. మా అమ్మ పంపమన్న బాదంపప్పు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

---

లైనక్స్_లలిత | హనుమకొండ | మంగళవారం రాత్రి 9:10

ఇందాకటినుంచి అందరూ బరువు, కీబోర్డు అంటున్నారు. అసలు చిక్కు ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడుకునేవాళ్లు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. ఆ తర్వాత? అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే పద్ధతులున్నాయి. చాలామంది దర్జాగా వాడుతున్నారు కూడా. కానీ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా టెన్షనే. బ్యాంకు లావాదేవీలు చేసే సిస్టమ్ మీద నేనైతే ఆ పని చేయను.

నేను కాలేజీలో నెట్‌వర్కింగ్ చెప్తాను. నా దగ్గరున్నది దీని తమ్ముడు ఎం4800, 15.6 అంగుళాలది. 32 జీబీ వేసి, విండోస్ బదులు లినక్స్ మింట్ 22 పెట్టాను. దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పిల్లలకు ల్యాబ్ కోసం ఒకేసారి ఆరేడు వర్చువల్ మెషిన్లు (ఒక కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) లేపుతాను. 8 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఇచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ ప్రయత్నం చేయండి చూద్దాం. ఆ ఒక్క విషయంలో ఈ ముసలివాటిని కొట్టేది లేదు.

కానీ లినక్స్‌లో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులతో తిప్పలున్నాయి. కే3100ఎం కెప్లర్ అనే పాత తరానిది. దానికి ఎన్విడియా సొంత డ్రైవర్ 470 సిరీస్‌తో ఆగిపోయింది. పెన్నాగట్టు గారూ, మీరెప్పుడైనా లినక్స్‌కి మారితే ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌తోనే నడిపించండి, 2డీకి అది చాలు. ఆటోక్యాడ్ మాత్రం లినక్స్‌లో ఉండదు. ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ ఫైళ్లు తెరిచే బ్రిక్స్‌క్యాడ్ లినక్స్‌కి దొరుకుతుంది, ఉచితం కాదు.

దుర్గారావు గారూ, మీ డబ్ల్యూ520 మీద ఇప్పుడు ఏ విండోస్ ఉందో అడగొచ్చా? 🙂

---

డీటీపీ_దుర్గారావు | విజయవాడ | మంగళవారం రాత్రి 10:30

విండోస్ 7 అమ్మా. ఇంటర్నెట్ వైరు దానికి ఎప్పుడూ తగిలించలేదు, తగిలించను. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే. మెయిల్, వాట్సాప్ అన్నీ మా అబ్బాయి సిస్టమ్‌లో.

---

లైనక్స్_లలిత | హనుమకొండ | మంగళవారం రాత్రి 10:34

ఆ పెన్‌డ్రైవ్‌ని కూడా కాస్త అనుమానించండి సార్.

---

కొత్తచిగురు | బెంగళూరు | మంగళవారం రాత్రి 11:20

సరే, ర్యామ్ విషయంలో లలిత మేడమ్‌తో నేను ఒప్పుకుంటాను. మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో 16 అతికించి ఇచ్చారు, క్రోమ్‌లో ట్యాబులు తెరిస్తేనే మూలుగుతుంది. పెంచుకునే దారి లేదు.

కానీ పెన్నాగట్టు గారికి వర్చువల్ మెషిన్లు అక్కర్లేదు కదా? ఆయనకు కావాల్సింది గీతలు గీయడం. ఇంకోటి, పెద్ద మానిటర్ తగిలించేటప్పుడు జాగ్రత్త. దాని హెచ్‌డీఎంఐ పాత 1.4, అందులోంచి 4కే మానిటర్ పెడితే సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ బాణం ఈడ్చుకుంటూ పోతుంది. డిస్‌ప్లేపోర్ట్ వాడితే 60 వస్తాయి. ఇది తెలియక ఎంతోమంది మానిటర్ని తిట్టుకుంటారు.

---

సీటీసీ_శీను | సికింద్రాబాద్ | బుధవారం మధ్యాహ్నం 1:15

చిగురు తమ్మీ, నేను ఆయనకు అమ్మట్లే, ఆయన నెల్లూరులో కొంటున్నడు. 🙂 డిస్‌ప్లేపోర్ట్ ముచ్చట మాత్రం లక్ష రూపాయలది.

అడాప్టర్ గురించి నేను అంత గట్టిగా ఎందుకన్నానో చెప్పాలె. ఒక ఆర్కిటెక్ట్ సారు నా దగ్గరికి ఇట్లాంటిదే పట్టుకొచ్చిండు. "ల్యాప్‌టాప్ ముసలిదైపోయింది శీనూ, ఫైల్ ఓపెన్ కావడానికి రెండు నిమిషాలు, బ్యాటరీ కూడా ఎక్కట్లే" అని. మదర్‌బోర్డు పోయిందని వేరే షాపులో ఎవరో పన్నెండు వేలు అడిగారట. నేను అడాప్టర్ పిన్ను చూశా. దీని పిన్ను లావుగా ఉండి, మధ్యలో సన్నటి సూదిలాంటిది ఉంటది. ఆ సూది లోంచే "నేను అసలు అడాప్టర్‌ని, నాది ఇన్ని వాట్లు" అని ల్యాప్‌టాప్‌కి కబురు పోతది. ఆ కబురు అందకపోతే ల్యాప్‌టాప్ నమ్మదు. బ్యాటరీ ఎక్కించుకోదు, ప్రాసెసర్‌ని కూడా కావాలనే నెమ్మది చేస్తది. సారుది రోడ్డు పక్కన కొన్న డూప్లికేట్. లోపలి సూది వంగి గోడకి అతుక్కుపోయి ఉంది. నా టేబుల్ మీద ఉన్న అసలుది పెట్టి ఆన్ చేస్తే అదే ల్యాప్‌టాప్ గుర్రంలా లేచింది. పన్నెండు వేల రోగం కాదది.

ఇంకొకటి. ఏ పాత సిస్టమ్ కొన్నా మొదటి పని ఫ్యాన్ విప్పడం. బయట నుంచి బ్లోయర్ కొట్టి చేతులు దులుపుకోవద్దు. ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య పదేళ్ల దుమ్ము పరుపులా, దుప్పటి ముక్కలా పేరుకుని ఉంటది. గోరుతో పట్టి లాగితే ఒక్క ముక్కగా ఊడొస్తది. దాన్ని తీసి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు (వేడిని రాగికి అందించేది) స్పిరిట్‌తో తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టు. అప్పుడు చూడు వేడి ఎట్ల దిగుతదో.

---

గోదారి_గాలి | రాజమండ్రి | బుధవారం సాయంత్రం 6:40

ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి వాడతారు కాబట్టి బ్యాటరీ గురించి ఎవరో ఒకరు చెప్పాలి. నా అనుభవం కొత్తరకం సన్నటి ల్యాప్‌టాప్‌తో, కంపెనీ పేరు వద్దులెండి. మూడేళ్లు రాత్రీ పగలూ ప్లగ్గులోనే ఉంచాను. ఒకరోజు టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం లేదు. పాడైందనుకుని మౌస్ పెట్టుకుని ఇంకో రెండు నెలలు వాడాను, బుద్ధిలేక. తర్వాత గమనిస్తే ల్యాప్‌టాప్ టేబుల్ మీద గిరగిరా తిరుగుతోంది, కింద పొట్ట వచ్చింది. లోపల బ్యాటరీ అప్పడంలా ఉబ్బింది. విప్పినతను చేతులు వణుకుతూ తీశాడు.

ఈ పాతవాటిలో గొప్ప ఏంటంటే బ్యాటరీ బయటినుంచే ఊడొస్తుంది. గొళ్లెం జరిపితే చేతిలోకి వచ్చేస్తుంది. ఉబ్బిందనిపిస్తే తీసి పక్కన పెట్టి ప్లగ్గు మీదే పని కానివ్వొచ్చు. డెల్ బయోస్‌లో ఎక్కువగా ప్లగ్గులో వాడేవాళ్ల కోసం ఒక ఛార్జింగ్ సెట్టింగు ఉంటుంది, అది పెట్టుకోండి. థింక్‌ప్యాడ్‌లో అయితే ఇంత శాతం దగ్గర ఆపు అని మనమే చెప్పొచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్యాటరీలతో మాత్రం ఆటలొద్దు.

---

కరెంటు_మాస్టారు | తాడేపల్లిగూడెం | బుధవారం సాయంత్రం 7:02

ఉబ్బినదాన్ని గుచ్చడం, నొక్కడం చేయొద్దు. చెత్తబుట్టలో అసలే వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

---

పెన్నాగట్టు | నెల్లూరు | మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 11:25

ఆలస్యానికి క్షమించాలి. తీసుకున్నాను.

శీనన్న లిస్టు ఫోన్‌లో పెట్టుకుని షాపుకి వెళ్లాను. బయోస్ తెరిచి చూస్తే అడాప్టర్ 130 వాట్లు అని ఉంది! షాపతను "దీంతో కూడా ఆన్ అవుతుంది కదా సార్" అన్నాడు. అవుతుంది నిజమే. నేను కదల్లేదు. లోపలికి వెళ్లి అరగంట వెతికి 240ది తెచ్చాడు. ఇంత లావు ఇటుకరాయి. అది చేతికిచ్చేటప్పుడు అతని మొహం చూడాలి. 21,500కి ఖాయమైంది. శీనన్నా, మీ నోట్లో చక్కెర పొయ్యాలి.

కిరాణా షాపులో తూకం వేయించాను, అడాప్టర్‌తో కలిపి 4 కిలోల 700. "ఏం పప్పు సార్ ఇది" అని అడిగాడు శెట్టి గారు.

ఫ్యాన్ నేనే విప్పాను, యూట్యూబ్ చూసి. మీరు చెప్పిన దుప్పటి ముక్క నిజంగానే వచ్చింది, మా పెద్దాడు దాన్ని అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. ఆ పని చేయకముందు కాసేపు డ్రాయింగ్ తిప్పితేనే 90 డిగ్రీలు చూపించింది, ఇప్పుడు 70 దగ్గర ఆగుతోంది. 8 జీబీ ర్యామ్‌లు ఇంకో రెండు వేసి 32 చేశాను. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అడిగి తీసుకున్నా.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. టచ్‌ప్యాడ్‌కి మూడు బటన్లున్నాయి. మధ్యది నొక్కిపట్టి వేలు జరిపితే ఆటోక్యాడ్‌లో డ్రాయింగ్ మొత్తం జరుగుతోంది. మౌస్ లేకపోయినా సైట్‌లో సిమెంటు బస్తా మీద కూర్చుని మెట్లు రెండంగుళాలు జరిపాను. అవును, సైట్‌కి కూడా తీసుకెళ్లాను. ఒక్కసారే. భుజం రెండు రోజులు లాగింది. కొత్తచిగురు గారూ, అక్కడ మీదే గెలుపు.

సాయంత్రం ఆరైతే మూత మూసి బీరువా పక్కన నిలబెడుతున్నాను. టేబుల్ పిల్లలది. మా ఆవిడ ఇంతవరకు ఏమీ అనలేదు. ఒక్క అడాప్టర్‌నే చీపురు తగిలినప్పుడల్లా తిడుతోంది.

విండోస్ సంగతి అక్టోబర్ దాకా ఆలోచిస్తాను. లలిత మేడమ్, అప్పుడు మళ్లీ మీ దగ్గరికే వస్తాను.

---

కొత్తచిగురు | బెంగళూరు | ఆదివారం మధ్యాహ్నం 12:10

కంగ్రాట్స్ అన్నా. మీ బావమరిది ఏమన్నారు?

---

పెన్నాగట్టు | నెల్లూరు | ఆదివారం మధ్యాహ్నం 12:31

వాడు నిన్న వచ్చి రెండు గంటలు దాని మీద గేమ్ ఆడాడు. లేచేటప్పుడు "ఫ్యాన్ సౌండ్ ఎక్కువ బావా" అన్నాడు.

---

డీటీపీ_దుర్గారావు | విజయవాడ | ఆదివారం రాత్రి 9:55

సంతోషం బాబూ. శీను గారూ, మధ్యలో నాదొక చిన్న అవసరం. నా డబ్ల్యూ520 కీబోర్డు మధ్యలో ఉండే, మౌస్ బాణం జరిపే ఎర్ర టోపీ అరిగి నున్నబడింది, వేలు జారిపోతోంది. ఇక్కడ ఒకటి కొన్నాను, పెట్టగానే ఊడిపోతోంది.

---

సీటీసీ_శీను | సికింద్రాబాద్ | ఆదివారం రాత్రి 10:20

మీకిచ్చింది కొత్త మోడళ్లదై ఉంటది సార్, అది పల్చగా ఉంటది. మీదానికి పాత ఎత్తుది కావాలె. నా దగ్గర ఒక డబ్బాలో పది, పన్నెండు ఉన్నయి. అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి, కొరియర్‌లో రెండు వేస్తా. పైసలేం వద్దు, మా చెల్లె పెళ్లి ఉంది, శుభలేఖ డిజైన్ ఒకటి చూపించండి చాలు.